అరకు కాఫీ: రుచికి ఊరి పేరు, ఊరికి దక్కేదెంత?

రైల్వే సోదరులకు స్టేషను పేరు పలకను గురించి మేము చెప్పవలసిన పని లేదు. పసుపు పలకపైన ఊరి పేరు, దాని క్రింద ఆ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నదో తెలిపే అంకె. ప్రతిరోజూ చూసేవారు ఆ అంకెను చదవరు. కానీ కొత్తవలస–కిరండూల్ మార్గంలో బండి నడిపినవారు, పట్టాల మీద పనిచేసినవారు దానిని మరువలేరు. శృంగవరపుకోట, బొడ్డవర దాటినది మొదలు ఎక్కుడు. టైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస అంటూ సొరంగం వెనుక సొరంగం దాటుతుండగా ఆ అంకె పెరుగుతూ పోయి, శిమిలిగుడ వద్ద 996 మీటర్లు చూపుతుంది. 2008లో కశ్మీరు లోయలో రైలు నడిచేవరకు దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో ఇదే అన్నిటికంటె ఎత్తయినదని పేరు.

ఇనుప ఖనిజం కోసం వేసిన మార్గమది. బైలదిల్లా గనుల ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడినుండి జపానుకు చేర్చడానికై 1960లలో కొండలను తొలిచి దానిని నిర్మించారు. అయితే ఆ బండి కిటికీలోనుండి చూసినవారికి మరొక పంట కూడా కనిపిస్తుంది. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో మనిషెత్తు ముదురాకుపచ్చ పొదలు. అది కాఫీ. స్టేషను పలకపైని అంకెకూ, ఆ పొదలోని గింజ రుచికీ దగ్గర సంబంధం ఉన్నది. ఆ రుచికి ఈనాడు బజారులో పెద్ద వెల పలుకుతున్నది. ఆ వెలలో కొండవాని వాటా ఎంత అన్నదే మా ప్రశ్న.

ఇటీవల నగరాలలో ‘సింగిల్ ఆరిజిన్ కాఫీ’ అన్న మాట విరివిగా వినిపిస్తున్నది. ఒకే ప్రాంతంలో, ఒక్కొక్కప్పుడు ఒకే తోటలో పండిన గింజలను ఇతర చోట్ల గింజలతో కలపకుండా వేయించి, ఆ ప్రాంతం పేరుతో అమ్మే కాఫీ అని దాని అర్థం. ఈ విషయంపై వ్రాయదలచామని చెప్పినప్పుడు మా మిత్రులు కొందరు నవ్వారు. జీతాల సవరణ, పాత పింఛను, ఖాళీల భర్తీ వంటి సమస్యలుండగా సంపన్నుల నాలుకకు సంబంధించిన ముచ్చట మనకెందుకని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. కానీ తపాలా సోదరులొక్కసారి ఆలోచించాలి. ప్రతి ఉత్తరం మీదా బయలుదేరిన చోటి ముద్ర ఉంటుంది. ప్రతి రైల్వే పార్శెలు మీదా బుక్ చేసిన స్టేషను పేరు ఉంటుంది. సరుకు ఎక్కడిదో తెలియకుండా దానిని చేర్చే బాధ్యత ఎవరూ తీసుకోరు. అటువంటప్పుడు ఒక గింజకు దాని ఊరు చెప్పుకునే హక్కు రావడం మంచిదే. కాగా, ముద్రలో ఊరు కనిపిస్తుంది గాని ఉత్తరం వ్రాసినవాడు కనిపించడు. మన అభ్యంతరమంతా అక్కడనే.

ముందుగా రుచి సంగతి చూద్దాము. దానిని తెలుసుకోకుండా దోపిడీ సంగతి మాట్లాడితే మాటలు గాలిలో పోతాయి.

కాఫీలో వాణిజ్యానికి ముఖ్యమైన జాతులు రెండు, అరాబికా, రోబస్టా. మన దేశంలో పండేదానిలో సుమారు మూడింట రెండు వంతులకు పైగా రోబస్టాయే. అది తక్కువ ఎత్తులో, వేడిలో, తేమలో బాగా కాస్తుంది. చేదు ఎక్కువ, చిక్కదనం ఎక్కువ, కెఫీన్ అరాబికాకు దాదాపు రెట్టింపు. అరాబికా సుకుమారి. మన దేశంలో వెయ్యి మీటర్లు, ఆపైన ఎత్తులలో అది బాగా ఒదుగుతుంది. నూరు మీటర్లు పైకి పోయినకొద్దీ వాతావరణం సుమారు అర డిగ్రీకి పైగా చల్లబడుతుంది. విశాఖలో చెమటలు కక్కుతూ బండి ఎక్కినవాడు అరకులో దిగి కండువా కప్పుకునేది ఇందువల్లనే. ఆ చల్లదనంలో కాయ తొందరపడదు. వేసవి తొలకరి చినుకులకు పూసిన పూత పండుగా మారడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు తీసుకుంటుంది. నిదానంగా పండిన గింజ గట్టిపడుతుంది. దానిలో చక్కెరలు, పులుపునిచ్చే ఆమ్లాలు పేరుకుంటాయి. వేయించినప్పుడు వాసనగా, రుచిగా విడుదలయ్యేవి అవే. వేడి నేలలో అదే మొక్క త్వరగా కాచి, త్వరగా పండి, పలుచని రుచినిస్తుంది.

ఎత్తు ఒక్కటే చాలదు, అక్షాంశం కూడా లెక్కలోకి వస్తుంది. చిక్కమగళూరు భూమధ్యరేఖకు సుమారు 13 డిగ్రీల ఉత్తరాన ఉన్నది. అరకు, పాడేరు, చింతపల్లి మన్యం సుమారు 18 డిగ్రీల వద్ద ఉన్నది. అందువలన మన మన్యంలో శీతకాలపు రాత్రులు మరింత చలిగా ఉంటాయి. చింతపల్లి దగ్గరి లంబసింగిలో తెల్లవారుజామున గడ్డిపై మంచు పేరుకోవడం ఇప్పుడు యాత్రికులకు వినోదమైంది గాని, అక్కడి రైతుకు అది కోతకాలపు చలి. 900 నుండి 1100 మీటర్ల మధ్యనే ఉన్నా, అరకు గింజ అంతకంటె ఎత్తైన కొండల గింజ లక్షణాలను చూపడానికి ఇదొక కారణం. రుచి చూసేవారు దీనిలో నారింజ, పంపరపనస వంటి పులుపునూ, బెల్లపు తీపినీ చెబుతారు. పులుపనగానే విరిగిన పాలను తలచుకోనక్కరలేదు. మంచి మామిడిపండులో తీపి వెనుక ఉండే పులుపు వంటిది అది.

మిగిలిన ప్రాంతాలకు వాటి గుణాలున్నవి. బాబాబుడన్ గిరులు దాదాపు 1000 నుండి 1500 మీటర్ల వరకు లేచిన కొండలు. 17వ శతాబ్దిలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు యెమెన్ దేశపు మోఖా రేవునుండి ఏడు గింజలు రహస్యంగా తెచ్చి అక్కడ నాటాడని ఐతిహ్యం. అక్కడి అరాబికా నిండైన రుచి గలది. కొడగు అరాబికా వేరు, చిక్కమగళూరు అరాబికా వేరు. వయనాడులో 600 నుండి 900 మీటర్ల మధ్య పండే రోబస్టా దేశంలోని మేలైన రోబస్టాలలో ఒకటి. ఈ నాలుగింటితోపాటు అరకు లోయ అరాబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అనగా ఆ చోట పండని కాఫీని ఆ పేరుతో అమ్మరాదని చట్టం చెబుతున్నది.

ఇక్కడ వ్యాపారుల ప్రకటనలను గూర్చి ఒక మాట. నేలలోని ఇనుము కప్పులోకి వస్తుందనీ, మిరియాల తీగ పక్కన పెరిగిన కాఫీకి మిరియాల వాసన పడుతుందనీ అందంగా వ్రాస్తుంటారు. మేము వీటిని నమ్మము. నేల చేసే మేలు వేరు. నీరు నిలువని వాలు, ఆకులు కుళ్ళి ఏర్పడిన నల్లని పైమట్టి, వేళ్ళకు గాలి, ఇవి మొక్కను ఆరోగ్యంగా నిలుపుతాయి. చెట్టు నీడ ఎండను వడగట్టి కాయను మరింత నిదానపరుస్తుంది. మిరియాల వాసన మాత్రం తోటలో పట్టదు, గోడౌనులో పడుతుంది. పచ్చి కాఫీ గింజ చుట్టూ ఉన్న వాసనను, తేమను పీల్చుకునే స్వభావం గలది. పార్శెలు ఆఫీసులో కాఫీ బస్తాలను ఎండుచేపల బుట్టల పక్కన వేసిన ఒక రాత్రి, కొండపై తొమ్మిది నెలల కష్టాన్ని చెడగొట్టగలదు. దీనిని మన సోదరులు జ్ఞాపకముంచుకోవాలి.

రవాణా రుచిని చెడగొట్టడమే కాదు, సృష్టించిన సందర్భం కూడా ఒకటున్నది. తెరచాప ఓడల కాలంలో మలబారు తీరంనుండి కాఫీ ఆఫ్రికా కొసను చుట్టి ఐరోపా చేరడానికి నెలలు పట్టేది. ఓడ అడుగున సముద్రపు తేమకు గింజలు ఉబ్బి, పచ్చదనం పోయి, పాలిపోయిన బంగారు రంగుకు తిరిగేవి. పులుపు హరించి, మెత్తని, మట్టివాసన గల రుచి వచ్చేది. ఐరోపావారు దానికే అలవాటుపడ్డారు. 1869లో సూయజ్ కాలువ తెరచిన తరువాత, ఆవిరి ఓడలు వచ్చిన తరువాత ప్రయాణం కురచబడింది. గింజ తాజాగా చేరసాగింది. ‘ఇది మా కాఫీ కాదు’ అన్నారట అక్కడివారు! దానితో మంగళూరు మొదలైన పడమటి తీరపు గోడౌన్లలో జూన్ నుండి సెప్టెంబరు వరకు గింజలను పలుచగా పరచి, ఋతుపవనపు గాలికి వదలి, కూలీల చేత పదేపదే తిరగవేయించి ఆ రుచిని మళ్ళీ తయారుచేయసాగారు. దీనిని ‘మాన్సూన్డ్ మలబార్’ అంటారు. దీనికి కూడా భౌగోళిక గుర్తింపు ఉన్నది. ఈ రుచిలో కొండ వాటా కొంతే. ఎక్కువ వాటా తేమగాలిదీ, నెలల తరబడి గింజలను తిరగవేసిన చేతులదీ.

మా వాదానికి కీలకం ఈ చేతులే. ప్రాంతం రుచినిస్తుందన్నది సగం నిజం. ప్రాంతం అవకాశమిస్తుంది, రుచిని మనిషి నిలబెడతాడు.

కాఫీ పళ్ళన్నీ ఒకేసారి పండవు. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, ఎర్రపండు పక్కపక్కన ఉంటాయి. ఎర్రపండును మాత్రమే ఏరి కోస్తే మంచి కాఫీ. కొమ్మ దూసి అన్నీ కలిపి బుట్టలో వేస్తే పచ్చికాయల వగరు కప్పంతా పాకుతుంది. ఎర్రపళ్ళు ఏరాలంటే అదే చెట్టు దగ్గరకు నవంబరు నుండి జనవరి, ఫిబ్రవరి వరకు నాలుగైదు సార్లు రావాలి. కోసిన పండును ఆనాడే తోలు తీయాలి. ఆపైన జిగురు పోయేవరకు ఒక దినం, ఒకటిన్నర దినం పులియబెట్టాలి. కడగాలి. నేలకు తగలకుండా ఎత్తైన మంచెల మీద, తడి నూటికి పది పదకొండు పాళ్ళకు దిగేవరకు తిరగవేస్తూ ఆరబెట్టాలి. రాత్రి మంచు పడితే కప్పాలి. ఒక్క పూట ఏమరితే బూజు. ఈ పని అధికభాగం స్త్రీలు చేస్తారు. సూర్యోదయానికి ముందు కొండ ఎక్కి, చీకటిపడే వేళకు తలమీద పళ్ళ బస్తాతో దిగేది వారు.

తోలు తీసే యంత్రం ఊరిలో లేకపోతే ఏమవుతుంది? నీళ్ళు లేకపోతే? పండు తీసుకుపోయే బండి సాయంత్రానికి రాకపోతే? రైతు పళ్ళను యథాతథంగా నేలమీద ఎండబెడతాడు. దానిని చెర్రీ అంటారు. వెల తక్కువ. వారపు సంతలో షావుకారు చెప్పిందే ధర, అతని తూకమే తూకం. మన్యంలో ఏండ్ల తరబడి జరిగినది ఇదే. అదే కొండ, అదే చలి, అదే మొక్క. అయినా ఆనాడు ఆ గింజకు పేరు లేదు. దేశపు నలుమూలల గింజలలో కలిసిపోయి, ఏ పొట్లంలో చేరిందో ఎవరికీ తెలియకుండా పోయింది. గిరిజన సహకార సంస్థ కొనుగోళ్ళు, పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ పంచిన మొక్కలు, కాఫీ బోర్డు ఆర్.వి.నగర్ పరిశోధనా కేంద్రం నేర్పిన పద్ధతులు, 2000 తరువాత నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో ఏర్పడిన గిరిజన రైతుల సహకార సంఘం, ఇవన్నీ చేరిన తరువాతనే ఆ కొండకు రుచి ‘వచ్చింది’. కనుక ప్రాంతమంటే ఎత్తు, వాన, మట్టి మాత్రమే కాదు. రోడ్డు, నీటి కుండీ, తూకం రాయి, చేతికి సకాలంలో అందే డబ్బు కూడా ప్రాంతమే.

పాత రోజులన్నీ చీకటి, కొత్త బజారు వెలుగు అని మేము చెప్పడం లేదు. యుద్ధకాలంలో విదేశీ మార్కెట్లు మూతపడినప్పుడు 1942లో చట్టం చేసి కాఫీ బోర్డును ఏర్పరచారు. రైతులు పంటనంతా బోర్డుకే ఇచ్చేవారు. బోర్డు దానిని రకాలవారీగా కలిపి, వేలంవేసి, వచ్చినదానిని పాయింట్ల ప్రకారం పంచేది. దీనినే ‘పూల్’ అనేవారు. డబ్బు వాయిదాలలో, ఆలస్యంగా చేరుతున్నదని రైతులు గొణిగేవారు. ఎవరి తోట గింజ ఎటు పోయిందో తెలిసే మార్గం లేదు. కానీ ధర పడిపోయినప్పుడు చిన్న రైతు ఒంటరిగా నిలబడవలసిన గతి పట్టలేదు. 1989 జులైలో అంతర్జాతీయ కాఫీ ఒప్పందపు కోటాలు కుప్పకూలాయి. ప్రపంచపు ధర కొద్ది కాలంలోనే సగానికి దిగింది. ఇటు మన దేశంలో 1990ల ఆరంభంనుండి పూల్‌ను సడలిస్తూ 1996 నాటికి ఎత్తివేశారు. ఆనాడు ధరలు పైకి పోతున్నందున పెద్ద తోటలవారు పండుగ చేసుకున్నారు. ఐదేండ్లు గడవకముందే 2001లో ధర పాతాళానికి దిగింది. పండుగ చేసుకున్నవారే ఢిల్లీకి పరుగెత్తి సాయం అర్థించారు.

పూల్ ఊరి పేరును చెరిపివేసింది గాని ధరకు గొడుగు పట్టింది. స్వేచ్ఛా బజారు ఊరి పేరును తిరిగి ఇచ్చింది గాని గొడుగు లాగివేసింది. మాకు రెండూ కావాలి. ఇది అత్యాశ అనేవారుంటే అననివ్వండి. పేరూ, గొడుగూ కలిసి ఉండరాదని ఏ శాస్త్రంలోనూ లేదు.

న్యూయార్కు ఎక్స్ఛేంజిలో ధర నిర్ణయించేవారికి అరకు ఎక్కడున్నదో తెలియదు. 1975లో బ్రెజిల్‌లో మంచు కురిసి తోటలు మాడగా 1977లో ధర రికార్డుకు చేరింది. 2024 డిసెంబరులో ఆ రికార్డు కూడా బద్దలై, 2025 ఫిబ్రవరిలో పౌను ధర నాలుగు డాలర్లు దాటింది. బ్రెజిల్‌లో కరవు వస్తే పాడేరులో ధర పెరుగుతుంది, అక్కడ పంట విరగకాస్తే ఇక్కడ పడుతుంది. ఇటువంటి జూదంనుండి కొంతైనా బయటపడే దారి చిన్న రైతుకు తన ఊరి పేరే. ‘ఇది ఏదో ఒక కాఫీ కాదు, ఇది ఈ కొండది’ అని చెప్పగలిగితే ఎక్స్ఛేంజి ధరకు పైన కొంత అడగవచ్చును. అందుకే ఆ పేరు ఎవరి చేతిలో ఉన్నదన్నది కూడు గుడ్డకు సంబంధించిన విషయం.

ఇథియోపియా చరిత్ర చూడండి. కాఫీ మొక్కకు పుట్టినిల్లు ఆ దేశం. అక్కడి సిడామో, హరార్, యిర్గచెఫె ప్రాంతాల గింజలను ప్రపంచమంతా మెచ్చుకుంటుంది. ఆ పేర్లతో అమెరికా దుకాణాలలో గొప్ప ధర, ఆ పేర్లు గల ఊళ్ళలో పస్తులు. 2005లో ఇథియోపియా ప్రభుత్వం ఆ మూడు పేర్లను తన వ్యాపార చిహ్నాలుగా నమోదు చేయించుకోవాలని అమెరికాలో దరఖాస్తు పెట్టింది. అక్కడి కాఫీ వర్తకుల సంఘం అడ్డుతగిలింది. ప్రపంచమంతటా ఆందోళన చెలరేగిన తరువాత 2007లో స్టార్‌బక్స్ కంపెనీ ఇథియోపియాతో ఒప్పందం కుదుర్చుకుని ఆ పేర్లపై ఆ దేశపు హక్కును గుర్తించింది. తమ ఊరి పేరు తమదని చెప్పుకోవడానికి ఒక సర్వసత్తాక దేశం రెండేండ్లు పోరాడవలసి వచ్చింది. ఆ పేరుతో వచ్చిన ధర రైతు ఇంటివరకూ ఎంత చేరుతుందన్నది అటుపైన మరొక పోరాటం.

మన విషయానికి వద్దాము. 2017వ సంవత్సరం విచిత్రమైనది. ఆ ఏడు పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం వెలిసింది. ఆ ఏప్రిల్‌లోనే విశాఖ–అరకు బండికి అద్దాల కప్పు గల విస్టాడోమ్ పెట్టెను తగిలించారు. అదే నెలలో తపాలా శాఖ కాఫీ వాసన గల నూరు రూపాయల తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఎంచుకున్న మొదటి సువాసన కాఫీ కాదు, చందనం, గులాబీ, మల్లె అంతకుముందే వచ్చాయి, అది వేరు సంగతి. మరుసటి ఏడు, 2018లో పారిస్‌లో ప్రి ఎపిక్యూర్ పోటీలో అరకు కాఫీకి బంగారు పతకం వచ్చింది. 2025 మార్చిలో పార్లమెంటు ప్రాంగణంలోనే అరకు కాఫీ స్టాళ్ళు తెరిచారు. ఇవన్నీ సంతోషించదగినవే. మేము ఈసడించడం లేదు. పాములేరు లోయలో 19వ శతాబ్ది చివర ఒక ఆంగ్ల అధికారి నాటించిన నాలుగు మొక్కలనుండి పారిస్ దాకా నడిచిన నడక సామాన్యం కాదు. ఆ నడక నడిచినవారు లక్షకు పైగా ఉన్న గిరిజన కుటుంబాలు. ఒక్కొక్కరిదీ ఎకరం, రెండెకరాల తోట.

అయితే అద్దాల పెట్టెలోనుండి చూసేవారికి కనిపించనివి కొన్ని ఉన్నవి.

తోట కార్మికులకు ఇల్లు, వైద్యం, శిశువుల సంరక్షణ కల్పించాలని 1951లో పార్లమెంటు చట్టం చేసింది. ఎర్రజెండాలు పట్టి తోట కార్మికులు సాధించుకున్న చట్టమది. 2020లో చేసిన కోడులో దానిని కలిపివేశారు. ఆ చట్టం ప్రధానంగా ఐదు హెక్టార్లు, పదిహేను మంది కార్మికులు గల తోటలకు ఉద్దేశించినది. మన దేశంలో కాఫీ కమతాలు నూటికి తొంభై ఎనిమిదికి పైగా పది హెక్టార్లలోపువే. అరకు రైతు తన తోటకు యజమాని, కూలీ, కాపలాదారు అన్నీ తానే. అతనికి ఏ యజమానీ ఇల్లు కట్టడు, జబ్బు చేస్తే వైద్యుని పిలువడు. కనుక అతని జీతం, బోనసు, ప్రావిడెంటు ఫండు సర్వమూ కిలో గింజకు అతని చేతిలో పడే ధరలోనే ఉన్నవి. పొట్లంపై కొండ బొమ్మ వేసేవారు ఆ అంకెను మాత్రం వేయరు.

మరొక రకం వారున్నారు. మన్యంలో ప్రభుత్వ అటవీ సంస్థ ఆధీనంలో వేల ఎకరాల కాఫీ తోటలున్నవి. వాటిలో తరాలుగా పనిచేస్తున్న గిరిజనులు ఆ తోటలను తమకే అప్పగించాలని చాలా కాలంగా కోరుతున్నారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సాగుచేసుకుంటున్న అడవి భూమిపై నాలుగు హెక్టార్ల వరకు పట్టా ఇవ్వవచ్చునన్నది. పట్టా ఉన్నవాడు నీడచెట్టు నాటుతాడు, ఎందుకంటే అది పెరిగేవరకు తాను అక్కడే ఉంటానని అతనికి తెలుసు. పట్టా లేనివాడు పదేండ్ల తరువాతి సంగతి ఎందుకు ఆలోచిస్తాడు? కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపుకు రాదు. భూమి హక్కు కూడా రుచిలో ఒక పాలు.

ఆ కొండల నెత్తిమీద బాక్సైటు ఉన్నది. అనంతగిరి ప్రాంతపు గిరిజన భూములలో ప్రైవేటు గనుల లీజులపై సాగిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు గిరిజన ప్రాంత భూములను ప్రైవేటువారికి లీజుకివ్వరాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఉన్నందున కొండలు నిలిచాయి. కొండపైని ఆ పొర వాన నీటిని పట్టి ఉంచి క్రిందికి ఊటలుగా వదులుతుందని అక్కడి ప్రజలు పుస్తకం చదవకుండానే ఎరుగుదురు. ఆ ఊట నీటితోనే కాఫీ కడుగుతారు. బాక్సైటు ఒకసారి తవ్వితే అయిపోయింది. రైలుపెట్టెలలో ఖనిజం పోవడం, అదే రైలు కిటికీకి కాఫీ కనిపించడం రెండూ ఎంతకాలం పక్కపక్కన సాగుతాయో ఆ మార్గంలో పనిచేసే సోదరులు మాకంటె బాగా చెప్పగలరు.

పైగా చీడ. కాయతొలుచు పురుగు మన దేశంలో మొట్టమొదట 1990లో నీలగిరుల గూడలూరులో కనిపించింది. మన్యం చాలా కాలం దానినుండి తప్పించుకున్నది. 2025లో అరకు తోటలలోనూ అది బయటపడింది. పురుగు పట్టిన కాయలను ఏరి మరిగే నీటిలో వేయడం, నేల రాలినవాటిని ఒక్కటి మిగలకుండా ఏరడం, ఇది తప్ప వేరు మంచి మందు లేదు. ఒక్కడు ఏరకపోతే పక్కవాడు ఏరి లాభం లేదు. ఊరంతా కలిసి చేయవలసిన పని ఇది. ఆ రోజుల కూలీ ఎవరిస్తారు? ఊరి పేరుతో లాభించేవారందరూ ఇవ్వాలన్నది మా అభిప్రాయం.

ఇంతవరకు చదివినవారు, ‘అయితే మనమేమి చేయగలము? మనకు స్టేషను కాఫీ, కాంటీను కాఫీ చాలు’ అనవచ్చును. కాంటీను కాఫీని మేము చిన్నచూపు చూడము. చికోరీ కలిపిన చిక్కని ఫిల్టరు కాఫీ, రాత్రి డ్యూటీ దిగినవానికి అది ఇచ్చే ఓదార్పు ఏ పారిస్ పతకమూ ఇవ్వలేదు. చికోరీ కలిపిన పొడిలో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదనీ, పాళ్ళు పొట్లంపై వ్రాయాలనీ నిబంధన. అయితే ఆ 51 పాళ్ళు ఎక్కడివో ఎవరూ వ్రాయరు. పాలు, చికోరీ కలిపిన చోట పులుపు గల మేలి గింజ గుణం మునిగిపోతుందన్నది నిజమే. అందుకని కొన్న చోటును కూడా మరుగుపరచనక్కరలేదు.

కార్మికులు కాఫీని తమ చేతిలోకి తీసుకున్న చరిత్ర మనకున్నది. 1950లలో కాఫీ బోర్డు నష్టాల పేరిట తన కాఫీ హౌసులను మూసివేసి కార్మికులను వీధిన పడవేయబోయింది. ఎ.కె.గోపాలన్ ప్రోత్సాహంతో ఆ కార్మికులు సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. 1957 ఆగస్టులో బెంగుళూరులో మొదటి సంఘం నమోదైంది. అదే ఏడు అక్టోబరులో ఢిల్లీలో కార్మికులే నడిపే కాఫీ హౌసు తెరుచుకున్నది. తలపాగా కట్టుకుని కప్పు అందించినవాడే దుకాణానికి భాగస్వామి. కప్పు అందించేవాడు యజమాని కాగలిగినప్పుడు, పండు కోసేవాడు తన ఊరి పేరుకు యజమాని ఎందుకు కాకూడదు?

రైల్వే, తపాలా కాంటీన్లు, మన సహకార దుకాణాలు, పరపతి సంఘాలు ఏడాది పొడుగునా కొనే కాఫీ పొడి తక్కువేమీ కాదు. దానిలో కొంత భాగాన్ని అయినా దళారీలు లేకుండా గిరిజన సహకార సంస్థ ద్వారా గాని, రైతుల సహకార సంఘాల ద్వారా గాని కొనవచ్చును. కొనేటప్పుడు ఒక్క షరతు పెట్టవచ్చును. కిలోకు రైతుకు చెల్లించిన ధర, చెల్లించిన తేదీ బిల్లు మీద ఉండాలి. జీతం చీటీ చూసుకోనిదే సంతకం పెట్టని మనకు ఇది వింత కోరిక కాదు. అలాగే భౌగోళిక గుర్తింపు గల సరుకును బుక్ చేసే స్టేషన్లలో విడిగా, పొడిగా, వాసనలు తగలని చోట నిలువచేసే ఏర్పాటు ఉండాలని రైల్వే సోదరులు తమ శాఖా సమావేశాలలో అడగాలి. మన్యంలో గ్రామీణ డాక్ సేవకులు కాలినడకన ఉత్తరాలూ, డబ్బూ చేర్చే ఊళ్ళు ఇంకా ఉన్నవి. ధర ఖాతాలో ఎప్పుడు పడిందో, ఎవరికి పడలేదో వారికి తెలిసినంతగా పారిస్‌కు గాని, పార్లమెంటుకు గాని తెలియదు. ఆ సేవకుల ఉద్యోగ భద్రతకై మన సంఘాలు సాగిస్తున్న పోరాటాన్ని కొండమీది రైతు తనదిగా భావించడానికి ఇంతకంటె మంచి సందర్భముండదు.

నవంబరులో కోతలు మొదలవుతాయి. కాంటీన్ల సరఫరా టెండర్లను అంతకు ముందే ఖరారు చేసే చోట్లు చాలా ఉన్నవి. శాఖా కార్యదర్శులు ఈ విషయాన్ని అక్టోబరు సమావేశపు అజెండాలో చేర్చి, తమ కాంటీను ప్రస్తుతం ఏ పొడి కొంటున్నదో, ఎంత కొంటున్నదో, ఎవరినుండి కొంటున్నదో వివరాలను ఫెడరేషను కార్యాలయానికి వ్రాసి పంపవలసినదిగా కోరుతున్నాము.